జేబీఎల్ ఫ్లిప్ 6: ఐపీ67 ఉంటే బీచ్‌కి తీసుకెళ్లిపోవచ్చా?

విశాఖలో ఉంటూ బీచ్‌కి, డాబా మీదికి, బాత్రూమ్‌లోకి స్పీకర్ పట్టుకుని తిరిగేవాళ్లకి ఇది మంచి స్పీకర్. సౌండ్ గురించి చెప్పినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి నేను రెండు ముక్కల్లో ముగిస్తాను. బేస్ కొట్టే 20 వాట్ల వూఫర్‌తో పాటు సన్నటి శబ్దాలకి విడిగా 10 వాట్ల ట్వీటర్ ఉంది, అందుకే బేస్ ఎంత కొట్టినా పాడేవాళ్ల గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. నేను రాయాలనుకున్నది డబ్బా మీది ఐపీ67 గురించి, అంటే దుమ్ముని, నీళ్లని ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగ్ గురించి, ఎందుకంటే షాపులో అడిగితే "ఫుల్ వాటర్‌ప్రూఫ్ సార్, ఏం చేసినా ఏం కాదు" అనేస్తున్నారు, జనం నమ్మేస్తున్నారు.

ఐపీ పక్కన మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. 6 అంటే దుమ్ము లోపలికి అస్సలు పోదు, ఆ వరసలో అంతకన్నా పెద్ద అంకె లేదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచినా పాడవకూడదు. ముందు మోడల్ ఫ్లిప్ 5కి ఐపీఎక్స్7 ఉండేది. ఎక్స్ అంటే దుమ్ముకి రేటింగ్ ఇవ్వలేదని, అంతే. నీళ్ల సంగతిలో రెండూ ఒకటే, కానీ రుషికొండలో ఇసుక మీద పెట్టి పాటలు వినాలనుకుంటే ఆ 6 కోసం డబ్బులు ఎక్కువ పెట్టొచ్చనే నేనంటాను, ఎందుకంటే దీని రెండు చివర్లా బేస్ కోసం అదిరే పలకలు (రేడియేటర్లు) బయటికే ఉంటాయి, గాలికి లేచిన ఇసుక నేరుగా వాటి మీదే పడుతుంది.

ఇప్పుడు అసలు తిరకాసు. నీళ్ల అంకెల్లో 7 పెద్దది కాబట్టి 5, 6 పరీక్షలు కూడా అందులోనే ఉంటాయని అనుకుంటాం. ఉండవు. 5, 6 పరీక్షల్లో పైపుతో నీళ్లు కొడతారు, 5కి నిమిషానికి 12.5 లీటర్లు, 6కి 100 లీటర్లు. 7లో నిలకడ నీళ్లలో ముంచుతారు. రెండు రకాలూ పాసైన వస్తువు మీద రెండు రేటింగులూ కలిపి రాస్తారు. దీని మీద ఉన్నది ఐపీ67 ఒక్కటే, కాబట్టి బైక్ కడిగే పైపు దీని మీద పెట్టకండి, మట్టి అంటితే మగ్గుతో నీళ్లు పోస్తే చాలు.

ఇంకోటి, ఈ పరీక్షలన్నీ మామూలు నీళ్లతో చేస్తారు. ఉప్పునీళ్లు, సబ్బు నురగ, గీజర్ ఆవిరి, స్విమ్మింగ్ పూల్‌లో క్లోరిన్, వీటికి ఆ అంకె ఏ హామీ ఇవ్వదు. అలల్లో తడిస్తే ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగాలి. ఛార్జింగ్ పోర్టుకి మూత లేదు, అది పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టకూడదు. ఉప్పుతడి మీద కరెంటు పారిందంటే పిన్నులు తుప్పుపట్టిపోతాయి. నేను గుడ్డతో తుడిచి రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేస్తాను. నీళ్లలో మునిగితే పాట కూడా ఆగిపోతుంది, బ్లూటూత్ సిగ్నల్ నీళ్లలో దూరం పోలేదు.

ఇయర్‌బడ్స్ కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాటిలో చాలావాటికి ఉండేది ఐపీఎక్స్4, అంటే చెమటకి, చినుకులకి సరిపోతుంది. మా తమ్ముడు అలాంటివే కుళాయి కింద పెట్టి కడిగాడు, ఒక చెవిది మూగబోయింది, సర్వీస్ సెంటర్‌లో నీళ్లు పోయినవి వారంటీలోకి రావని వెనక్కి ఇచ్చేశారు. పైగా ఆ రేటింగ్ చాలాసార్లు బడ్స్‌కే, కేస్‌కి వర్తించదు. సెకండ్ హ్యాండ్‌లో ఏది కొన్నా డబ్బా మీది అంకెని నమ్మొద్దు, కింద పడీ ఎండకి ఎండీ లోపలి రబ్బరు సీళ్లు వదులైపోయి ఉండొచ్చు.

తర్వాత వచ్చిన ఫ్లిప్ 7కి ఐపీ68 ఉంది. 8 అంటే మీటరు లోతు దాటిన పరీక్ష, ఎంత లోతు, ఎంతసేపు అనేది కంపెనీ చెప్పాలి. స్పీకర్‌ని అంత లోతుకి ఎవరం తీసుకెళ్లం కాబట్టి దానికోసమే ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఇంట్లోనే వాడేవాళ్లకి ఫ్లిప్ 5 తక్కువలో దొరికితే అదీ చాలు. ఫ్లిప్ 6లో బ్యాటరీ 12 గంటలంటారు, సౌండ్ బాగా పెంచితే అంత రాదు. కాల్స్ మాట్లాడటానికి మాత్రం కొనకండి, దీనికి మైక్ లేదు, వైరుతో పాటలు పెట్టుకునే ఆక్స్ పోర్టు కూడా లేదు.