లో ఓల్టేజీలోనూ గాలి తగ్గని బీఎల్‌డీసీ ఫ్యాన్లు: కొన్నేళ్లు వాడాక

కరెంటు ఆదా లెక్క అందరూ చెప్పేదే. మా కోనసీమలో ఈ బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ల అసలు సుఖం వేరే ఉంది: ఓల్టేజీ పడినా గాలి పడదు. వేసవి రాత్రుళ్లు ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అయ్యాక లైను చివరి ఇళ్లకి 170 ఓల్టులు వస్తే గొప్ప. మామూలు ఫ్యాను మోటారు బలం ఓల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది కాబట్టి 170 దగ్గర సగానికి పడిపోతుంది, రెక్కలు లెక్కపెట్టుకునేంత నెమ్మదిస్తుంది. బీఎల్‌డీసీలో ముందు కరెంటుని డీసీగా మార్చి, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డే వేగాన్ని నిలబెడుతుంది. 150 ఓల్టుల దగ్గర కూడా తేడా తెలియలేదు. ఆ ఒక్క గుణం కోసమే ఇవి నాకు ఇంత ఇష్టం.

ఇన్వర్టరు ఉన్నవాళ్లకి ఇంకో లాభం. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ మీద రెండు పాత ఫ్యాన్లు ఏడెనిమిది గంటలు తిరిగితే, ఇవి పన్నెండు దాటి పదిహేను దాకా వస్తాయి. తుపాను వచ్చి స్తంభాలు ఒరిగినప్పుడు ఆ తేడా విలువ బిల్లులో కనపడదు. చదరపు తరంగం ఇచ్చే చవక ఇన్వర్టర్ల మీద పాత ఫ్యాన్లు చేసే గుయ్‌మనే మోత కూడా ఉండదు.

ఇక చెడిపోయిన సంగతి. గాలివానలో కొబ్బరిమట్ట తీగల మీద పడి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రలు (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగితే, తక్కువ లోడున్న ఫేజు మీది ఇళ్లకి 230 బదులు 300 పైన, ఒక్కోసారి 400 దగ్గరదాకా వచ్చేస్తుంది. పాత ఫ్యాను కాసేపు పిచ్చిగా తిరిగి బతికిపోవచ్చు. దీని బోర్డు మాత్రం నిలవదు. మా హాలు ఫ్యాను అలాగే పోయింది: రిమోటు నొక్కితే బీప్ లేదు, కదలిక లేదు.

ఇలాంటప్పుడు ఫ్యానంతా మార్చమంటారు, తొందరపడకండి. ఎంసీబీ (బ్రేకర్ స్విచ్చి) ఆపి ఐదు నిమిషాలు ఆగండి, బోర్డు మీది కెపాసిటర్లో 300 ఓల్టుల పైన నిలవ ఉంటుంది. తర్వాత కింది మూత తీసి, మోటారు నుంచి వచ్చే మూడు తీగల సాకెట్టు ఊడదీయండి. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి రెండేసి తీగల మధ్య చూస్తే మూడు రీడింగులూ ఒక్కలాగే రావాలి. వస్తే మోటారు భేషుగ్గా ఉన్నట్టే, బోర్డు ఒక్కటే కొనండి. మాకు ఎక్కువ ఓల్టేజీని అడ్డుకునే గుండ్రటి బిళ్లలాంటి వేరిస్టరు పగిలి, దాని పక్క ఫ్యూజు రెసిస్టరు మాడి ఉన్నాయి. ఫ్యాను ముందుకీ వెనక్కీ వణికి ఆగిపోతుంటే మాత్రం కథ వేరు. మూడు తీగల్లో ఒకటి వదులైనట్టు, లేదా ఉప్పుగాలికి పిన్ను మీద ఆకుపచ్చ చిలుము పట్టినట్టు. చిలుము గీకి సాకెట్టు గట్టిగా నొక్కితే చాలాసార్లు తిరుగుతుంది.

బోర్డు మార్చాక మెయిన్ దగ్గర ఓవర్ ఓల్టేజీ కటాఫ్ పెట్టించాం, 270 దాటితే ఇంటి మొత్తానికి ఆపేస్తుంది. ఈ ఫ్యాన్లు కొనేవాళ్లు దాని ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోవాలి. గోడ రెగ్యులేటరు తీయించి తీగ నేరుగా కలిపించాలి. అది మధ్యలో ఉంటే బోర్డు ఎంతోకాలం రాదు.

రిమోటు దగ్గర ఒక చిక్కుంది. రిమోటుతో ఆపితే ఫ్యాను ఒక వాటు దాకా లాగుతూనే ఉంటుంది, ఏడాదికి ఎనిమిది యూనిట్ల పైన. అంతకంటే పెద్ద నష్టం: కొన్ని మోడళ్లు కరెంటు పోయి వచ్చాక ఖాళీ గదిలో వాటంతటవే తిరగడం మొదలెడతాయి. పడుకునేటప్పుడు రిమోటు, గది వదిలేటప్పుడు గోడ స్విచ్చి, ఇదే పద్ధతి.

మొదట్లో అడిగిన వాళ్లందరికీ ఇంట్లో ఫ్యాన్లన్నీ మార్చేయమన్నాను. ఇప్పుడు అలా అనను. 75 వాట్ల చోట 28 వాట్లు, రోజుకి 14 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయల శ్లాబులో అది 120 రూపాయలు. మూడు గంటలే తిరిగే గదిలో మిగిలేది నెలకి పాతిక రూపాయలే. అక్కడ పాత ఫ్యానే ఉండనివ్వండి. నెమ్మదిస్తే రెండున్నర మైక్రోఫారడ్ కండెన్సరు ఏ ఊరి ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది, బీఎల్‌డీసీ బోర్డు అలా దొరకదు.

మాది డాబా ఇల్లు, ఇన్వర్టరు ఉంది, రెండు గదుల్లో ఫ్యాన్లు రాత్రీపగలూ తిరుగుతాయి, కాబట్టి మాకు గిట్టింది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లవాళ్లు మాత్రం బోర్డు మీద తేమ ఆపే పూత ఉందా, మోటారుకి కాకుండా బోర్డుకి విడిగా వారంటీ ఎన్నేళ్లు, విడి బోర్డు రాజమండ్రిలోనో కాకినాడలోనో దొరుకుతుందా అని అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.