మూల మలుపులో ఏ కేబుల్ మేలు: లావుది ఒక్కటా, సన్నవి రెండా, రాగిదా?

వరంగల్‌లో ఏనుమాముల మార్కెట్ దాటినంక ఒక పాత రైసు మిల్లులో కొత్త ప్యానల్ బిగించే పని వచ్చింది. మీటరు నుంచి ప్యానల్ దాకా యాభై మీటర్ల లైను. అంత దూరమూ సుళువే, చిక్కంతా చివరి మూలలోనే. ట్రెంచ్‌లో వచ్చిన కేబుల్ గోడ దగ్గర పైకి తిరిగి ప్యానల్ అడుగుకు ఎక్కాలి. అక్కడ తిరగడానికి ఉన్న చోటు మూరెడు, టేపు పెట్టి చూస్తే 45 సెంటీమీటర్లు. ఓనరు మాత్రం 120 స్క్వేర్ ఎం.ఎం. (తీగ అడ్డుకోత వైశాల్యం) మూడున్నర కోరు, అంటే మూడు ఫేజు తీగలూ సగం సైజు న్యూట్రలూ ఉన్న, అల్యూమినియం ఆర్మర్డ్ (పైన స్టీలు కవచం ఉన్న) కేబుల్ ముందే తెచ్చి పెట్టాడు.

లెక్క చిన్నదే. మన దేశంలో కేబుల్ వేయడానికి పాటించే కోడ్ ఐ.ఎస్. 1255. దాని ప్రకారం 1.1 కిలోవోల్టుల లోపు పీవీసీ, ఎక్స్‌ఎల్‌పీఈ (రెండూ ప్లాస్టిక్ ఇన్సులేషన్ రకాలు) కేబుళ్లలో ఎక్కువ కోర్లున్నవాటిని పై మందానికి (బయటి అడ్డుకొలతకు) 12 రెట్ల వ్యాసార్థం కంటే బిగువుగా వంచకూడదు. సింగిల్ కోరుకు 15 రెట్లు. 11 కేవీకి వెళ్తే రెండిటికీ 15. మా వాళ్లు తరచూ తప్పేది ఒక్క చోట: వంపు మొత్తం వెడల్పు కొలిచి అదే లెక్క అనుకుంటారు. కోడ్ చెప్పేది వ్యాసార్థం, అంటే అందులో సగం. 30 మిల్లీమీటర్ల కేబుల్‌కు 36 సెంటీమీటర్లు కావాలి. పెద్ద సైకిల్ చక్రం పక్కన పెట్టి చూసుకుంటే దాదాపు అదే వంపు.

ఈ 120 కేబుల్ మందం దాదాపు 42 మిల్లీమీటర్లు (కంపెనీని బట్టి ఒకటి రెండు అటూ ఇటూ). 12 రెట్లంటే 50 సెంటీమీటర్లు. ఐదు సెంటీమీటర్లు చాలలేదు. ఐదే కదా అనిపిస్తుంది. మా కుర్రాడూ అదే అన్నాడు: "అన్నా, ఒంగుతాంది గదా!" మే నెల ఎండలో పడి ఉన్న కేబుల్ ఎవరు వంచినా ఒంగుతుంది, పైన పీవీసీ మెత్తబడుతుంది కాబట్టి. లోపల జరిగేది వేరు. వంపు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. ఆర్మర్ పట్టీలు ఎడబాసి లోపలి తొడుగును నొక్కుతాయి. లావు సైజుల్లో కండక్టరు గుండ్రంగా కాకుండా ముక్కోణపు ముక్కలా ఉంటుంది, దాని అంచు ఇన్సులేషన్ మీద ఒత్తుతుంది. ఆ రోజు మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెడితే రీడింగు బాగానే వస్తుంది. తర్వాత లోడు వేడికి, వానాకాలం తడికి ఆ దెబ్బ బయట పడుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఇలా బలవంతంగా వంచిన కేబుల్‌ను రెండు వానాకాలాల తర్వాత తవ్వి తీశాం. మాడింది సరిగ్గా మూల దగ్గరే, మిగతాదంతా కొత్తదానిలా ఉంది.

యూట్యూబులో బ్రిటన్ వాళ్లు ఆర్మర్డ్ కేబుల్‌ను ఆరు, ఎనిమిది రెట్లకే వంచడం చూసి కొందరు వాదిస్తారు. అది వాళ్ల కేబుల్ తయారీకి, వాళ్ల ప్రమాణానికి చెల్లుతుంది. మన డ్రమ్ము మీద ఐ.ఎస్. ముద్ర ఉంటే ఆ లెక్క ఇక్కడికి తేకూడదు.

మరి ఏది వేయాలి?

50 స్క్వేర్ అల్యూమినియం కేబుళ్లు రెండు వేస్తే ఒక్కోటి సుమారు 30 మిల్లీమీటర్లు. 36 సెంటీమీటర్లలో హాయిగా తిరుగుతాయి. రెంటినీ ఆనించి వేయకపోతే వేడి కూడా బాగా పోతుంది. కానీ గ్లాండ్లు (కేబుల్‌ను ప్యానల్‌కు బిగించే బిరడాలు), లగ్గులు (తీగ కొసకు నొక్కే కనెక్షను ముక్కలు) రెట్టింపు. స్విచ్ టెర్మినల్‌కు రెండేసి లగ్గులు పట్టాలి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే పొడవువి కావాలి, లేకపోతే పొట్టి కేబుల్ ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. ఒక్కో కేబుల్‌లో మూడు ఫేజులూ న్యూట్రలూ ఉండాలి. రెడ్ దీంట్లో, ఎల్లో దాంట్లో అని పంచితే స్టీలు ఆర్మర్ వేడెక్కి కూర్చుంటుంది.

రాగి అయితే 120 అల్యూమినియం పనిని 70 స్క్వేర్ దాదాపుగా చేస్తుంది. మందం సుమారు 34, వంపుకు 41 సెంటీమీటర్లు, మన మూరలో పడుతుంది. ప్యానల్ బస్‌బారు (లోపల కరెంటు పంచే లోహపు పట్టీ) రాగిదైతే కనెక్షనూ నిశ్చింత. అల్యూమినియమైతే బైమెటల్ లగ్గు (ఒక పక్క అల్యూమినియం, ఒక పక్క రాగి) వెతకాలి. ధర మాత్రం గుండె గుభేలుమంటుంది, పైగా రాత్రి కాపలా లేని మిల్లులో రాగి దొంగల టెన్షన్ ఒకటి.

సింగిల్ కోరు నాలుగు లాగుదామా అని కూడా అనుకున్నా. ఆర్మర్ లేనివి సన్నగా ఉంటాయి కాబట్టి 15 రెట్లయినా 32 సెంటీమీటర్లు చాలు. కానీ రైసు మిల్లంటే ఎలుకల రాజ్యం, ఆర్మర్ లేకుండా నేనైతే వేయను. ఆర్మర్ కావాలంటే అల్యూమినియం వైరు ఆర్మర్‌దే తేవాలి, ఏసీ కరెంటులో సింగిల్ కోరుకు స్టీలు పనికిరాదు.

ఒక మాట లాగే పద్ధతి గురించి. అల్యూమినియం కండక్టరుకు చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు, రాగికి 50, అంతకు మించి లాగకూడదు. జేసీబీ బకెట్‌కు కట్టి లాగేవాడికి ఈ లెక్క పట్టదు. మలుపు వ్యాసార్థం సగమైతే అదే లాగుడుకు కేబుల్ మలుపు లోపలి వైపు గోడను రెట్టింపుగా ఒరుస్తుంది. అందుకే మూల దగ్గర రోలర్లు పెట్టి మనుషులతోనే లాగిస్తాను.

చోటున్న ప్రతి మిల్లులో నా ఓటు లావు అల్యూమినియంకే, చవక, జాయింట్లు తక్కువ. ఇక్కడ మాత్రం రెండు సన్నవే వేద్దామన్నాను. ఓనరు తెచ్చిన 120 డ్రమ్ముకు సీలు తీయలేదు కాబట్టి షాపువాడు మార్చి ఇచ్చాడు. అదనపు గ్లాండ్ల ఖర్చుకు మాత్రం ఓనరు ఇప్పటికీ నన్ను సాధిస్తూనే ఉన్నాడు.