అలాస్కా బావులా, బండి మైలేజీయా?

అమెరికాకు చమురు కావాలంటే అలాస్కాలో కొత్త బావులు తవ్వాలా, బండ్ల మైలేజీ పెంచి పొదుపు చేయాలా? అలాస్కా ఆర్కిటిక్ అభయారణ్యపు తీర మైదానం, దాని పక్క భూములు కలిపి తోడగలిగే చమురు సగటున 1,040 కోట్ల బ్యారెళ్లని 1998లో అమెరికా భూగర్భ సర్వే అంచనా. రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్లు తాగే దేశానికి అది 520 రోజుల లెక్క. ఒక్కసారిగా తోడెయ్యడానికి అదేమీ ట్యాంకు కాదు. లీజు, సీస్మిక్ సర్వే (నేలలోకి కంపనాలు పంపి చమురు జాడ వెతకడం), అన్వేషణ బావి, పైపులైను అన్నీ అయ్యేసరికి పదేళ్లు. బావుల దగ్గరికి సామాను చేర్చడానికి నీళ్లు పోసి గడ్డకట్టించి వేసే మంచు రోడ్లు చలికాలంలోనే నిలుస్తాయి. వాటికి కావలసిన నీళ్లు అక్కడ తక్కువ.

పొదుపు లెక్క వేరు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే బండి గ్యాలనుకు 15 నుంచి 20 మైళ్లకు మెరుగైతే 200 గ్యాలన్లు మిగులుతాయి. 30 నుంచి 40కి పెరిగితే 100 మాత్రమే. అందుకే ముందు పట్టుకోవాల్సింది తక్కువ మైలేజీ ఇచ్చే పెద్ద పికప్పు ట్రక్కుల్ని. చిక్కల్లా, పాత బండ్లు రోడ్డు వదలడానికీ పదేళ్లపైనే పడుతుంది. మైలేజీ కోసం టైర్లలో గాలి సరిచూడటానికైతే పది నిమిషాలు చాలు.