లక్ష కిలోమీటర్ల తర్వాత ఆటోమేటిక్ పికప్: గేరుబాక్సు గురించి నా అనుభవం

ఈ పికప్ బండిని 2020 డిసెంబరులో కొన్నాను. ఈరోజుకు 1,08,400 కిలోమీటర్లు తిరిగింది. రెండు వరుసల సీట్లు, డీజిల్ ఇంజిను, ఆరు గేర్ల ఆటోమేటిక్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నేను పడిన ఇబ్బందులు ఆటోమేటిక్ గేరుబాక్సు ఉన్న ఏ బండికైనా రావచ్చు. ఇంజిను మీద, సస్పెన్షన్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కడప ఎండలకు ఏసీ తట్టుకుని నిలబడింది. కాబట్టి ఈ సమీక్ష అంతా గేరుబాక్సు గురించే. ఏడాది పాటు నాకు మనశ్శాంతి లేకుండా చేసింది అదే.

ముందు నా వాడకం ఎలాంటిదో చెప్పాలి. కడపలో మాది బోరు మోటార్ల రీవైండింగ్ షాపు. మోటార్లు, పంపులు, కేబుల్ చుట్టలు వేసుకుని రాయచోటి, లక్కిరెడ్డిపల్లె వైపు వారానికి మూడు నాలుగు సార్లు వెళ్తాను. మూడు నాలుగు వందల కిలోల బరువు ఉంటుంది. రాయచోటి దారిలో పాలకొండలు ఎక్కేచోట గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. లోడు లారీలు అక్కడ మొదటి గేరులో పాకుతుంటాయి. వాటి వెనక ఆగుతూ, కదులుతూ, మళ్లీ ఆగుతూ ఎక్కాలి. మే నెల మధ్యాహ్నం అదే పని చేస్తే గేరుబాక్సులోని ఆయిల్ ఎంత కాగుతుందో ఊహించుకోండి. బెంగళూరు వీధుల్లో తిరిగే బండి సమీక్ష చదివి మా వైపు వాళ్లు బండి కొనకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పాత బండి క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు దెబ్బతినడం వల్లే ఆటోమేటిక్ తీసుకున్నాను. మొదటి రెండేళ్లు ఆ నిర్ణయానికి ఎంతో సంతోషించాను. ఘాట్ ఎక్కి షాపు సరుకు దించి సాయంత్రానికి ఇల్లు చేరినా అలసట తెలిసేది కాదు.

2023 ఫిబ్రవరిలో, 52,000 కిలోమీటర్ల దగ్గర మొదటి తేడా కనిపించింది. మూడో గేరు నుంచి నాలుగుకు మారేటప్పుడు బండి ఒక్క క్షణం పట్టు వదిలేసేది. ఇంజిను వేగం చూపే ముల్లు 1,800 దగ్గర నుంచి 2,300కు ఎగిరి, దబ్బున కిందికి పడేది. ఆ పడే క్షణంలో వెనక ఉన్న మోటార్లు ఒకదానికొకటి ఠంగుమని తగిలేవి. రోజూ ఆ చప్పుడు వింటూ నడపడం ఎంత బాధో మోటార్లతో బతికేవాడికి తెలుస్తుంది.

కంపెనీ సర్వీసు సెంటరు మాకు దగ్గరలో లేదు. తిరుపతికి వెళ్లాలి, ఒకవైపే 140 కిలోమీటర్లు. వాళ్లు చూసి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందన్నారు. బ్యాటరీకి ఛార్జరు తగిలించి, ఏసీ, లైట్లు అన్నీ ఆపి, స్టీరింగు కింద ఉన్న సాకెట్‌కు లాప్‌టాప్ కలిపారు. మధ్యలో వోల్టేజి పడిపోతే గేరుబాక్సు కంప్యూటర్ పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది, అందుకే ఆ ఛార్జరు. పని అరగంటలో అయిపోయింది. కుదుపు పూర్తిగా పోయింది. సాఫ్ట్‌వేర్‌తో ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలి: అవుతుంది. నా బండికి అయింది.

ఎందుకు అయిందో కొంచెం వివరిస్తాను. ఆటోమేటిక్ గేరుబాక్సులో మన కాలి బదులు ఆయిల్ ఒత్తిడి క్లచ్ పలకలను పట్టి ఉంచుతుంది. ఏ పలకల కట్టను ఎప్పుడు వదలాలో, ఏది ఎప్పుడు ఎంత ఒత్తిడితో పట్టాలో కంప్యూటర్ చెబుతుంది, సొలినాయిడ్ వాల్వులు (కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న కవాటాలు) ఆ మాట ప్రకారం ఆయిల్‌ను పంపుతాయి. ఒకటి వదలడం, మరొకటి పట్టడం మధ్య లెక్క తప్పితే కుదుపు వస్తుంది. ఆ లెక్క సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది కాబట్టి దాన్ని సవరించవచ్చు. దీనితోపాటు మరో సంగతి ఉంది. పలకలు అరిగేకొద్దీ వాటి మధ్య ఖాళీ పెరుగుతుంది, ఆయిల్ నిండటానికి ఎక్కువ సమయం పడుతుంది. కంప్యూటర్ దీన్ని గమనించి, మన బండికి తగినట్లు తన కొలతలను తానే దిద్దుకుంటూ పోతుంది. నాకు ఈ రెండో సంగతి ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

అదే ఏడాది అక్టోబరులో, 66,000 దగ్గర వేరే జబ్బు మొదలైంది. మైదుకూరు రోడ్డులో 65 నుంచి 75 వేగంలో, కాలు తేలికగా పెట్టి వెళ్తుంటే బండి సన్నగా వణికేది. రోడ్డు అంచున వేసే గరుకు గీతల మీద చక్రాలు ఎక్కినట్లు రెండు మూడు సెకన్లు వణికి ఆగిపోయేది. పక్కనున్న సీసాలో నీళ్లు కూడా వణకడం కనిపించేది. మళ్లీ తిరుపతి వెళ్లాను.

"సార్, మీ బండికి ఇంకో అప్‌డేట్ ఉంది. వేస్తే సరిపోతుంది" అన్నారు.

"గేరుబాక్సు ఆయిల్ చూశారా?" అని అడిగాను.

"అది బండి జీవితకాలం సరిపోతుంది సార్. మార్చే పని లేదు."

అప్‌డేట్ వేశారు. నాలుగు రోజులు వణుకు తగ్గినట్లే అనిపించింది. అయిదో రోజు మళ్లీ వచ్చింది. పైగా ఇంతకు ముందు లేనిది ఇంకొకటి తోడైంది. ఘాట్‌లో బండి మూడు, నాలుగు గేర్ల మధ్య ఎటూ తేల్చుకోలేక కొట్టుకునేది. ఒకరోజు మలుపులో లారీ వెనక నెమ్మదిగా ఎక్కుతున్నాను, పక్కన మా అమ్మాయి ఉంది. లారీ కాస్త ముందుకు కదలగానే యాక్సిలరేటర్ నొక్కాను. ఒక సెకను ఏమీ జరగలేదు. తర్వాత రెండో గేరు పడి బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. లారీ వెనక రాసిన అక్షరాలు అద్దం నిండా కనిపించాయి. అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, కానీ ఇంటికి చేరేదాకా తలుపు పిడి వదలలేదు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

ఆ తర్వాత రెండుసార్లు తిరుపతికి తిరిగాను, వెళ్లి వచ్చేసరికి ప్రతిసారీ 280 కిలోమీటర్లు. ఖాళీ బండిని చదును రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపి, జాబ్ కార్డు మీద "లోపం కనబడలేదు" అని రాసి పంపారు. బరువుతో, కొండ మీద, వేడెక్కాక వచ్చే లోపం ఖాళీ బండిలో ఎలా కనబడుతుంది? ఈ విషయంలో వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. అప్‌డేట్ వేసినప్పుడు పాత కొలతలన్నీ చెరిగిపోయి కంప్యూటర్ కొత్త బండి లెక్కలకు వెళ్లిపోయింది. 66,000 కిలోమీటర్లు అరిగిన పలకలకు ఆ లెక్కలు ఎలా సరిపోతాయి? మళ్లీ నేర్పడానికి ఒక పద్ధతి ప్రకారం బండిని నడపాలి. ఆ పని వాళ్లు చేయలేదు, చేయాలని నాకూ చెప్పలేదు.

దారి చూపింది అప్సర సర్కిల్ దగ్గర చిన్న షెడ్డు ఉన్న ఒక మెకానిక్. కువైట్‌లో పదకొండేళ్లు ఆటోమేటిక్ బండ్ల మీదే పనిచేసి వచ్చిన మనిషి. ఆ ఎండల్లో పికప్‌లు చూసిన అనుభవం ఆయనది. బండి ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు మీద వణుకు రాగానే, యాక్సిలరేటర్ మీద కాలు తీయకుండా ఎడమ కాలితో బ్రేకును తాకీ తాకనట్లు తాకమన్నాడు. తాకిన మరుక్షణం వణుకు ఆగిపోయింది. ఇంజిను బలాన్ని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే భాగం టార్క్ కన్వర్టర్. నిలకడైన వేగంలో ఆ రెండింటినీ నేరుగా కలిపి పట్టేది దానిలోని లాకప్ క్లచ్. బ్రేకు స్విచ్ పడగానే ఆ క్లచ్ వదిలేస్తుంది. కాబట్టి వణుకుతున్నది ఆ క్లచ్చే, ఇంజిను కాదు, టైర్లు కాదు. ఇది చేయాలనుకునేవాళ్లు వెనక ఏ బండీ లేనప్పుడే, తిన్నని రోడ్డు మీదే చేయాలి. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టి చూస్తే పి0741 అనే లోపం కోడ్ కూడా దాచి ఉంది, అది లాకప్ క్లచ్‌కు సంబంధించిందే. ఘాట్ ఎక్కుతూ ఆయిల్ వేడి చూశాం. 118 డిగ్రీలు.

షెడ్డుకు వచ్చి ఆయిల్ దించాడు. కొత్త ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. నా బండిలోంచి కారింది కాచిన చింతపండు పులుసు రంగులో ఉంది, మాడిన వాసన వచ్చింది. కింది పళ్లెం విప్పి, అందులోని అయస్కాంతాల మీద పేరుకున్న బూడిద రంగు ముద్దను వేలితో తీసి నా అరచేతిలో రుద్దాడు. పెన్సిలు పొడిలా మెత్తగా ఉంది. "ముక్కలేమీ తగలడం లేదన్నా, పలకలు బాగానే ఉన్నాయి. కంప్యూటర్ ఎంత సరిగా చెప్పినా, పట్టించే ఆయిల్‌లో సత్తువ ఉండాలి కదా" అన్నాడు. మోటారు వైండింగ్ మాడితే వాసన పట్టి చెప్పేవాణ్ని నేను. నా సొంత బండి ఆయిల్‌ను ఒక్కసారైనా చూపించమని పట్టుబట్టనందుకు ఆ క్షణాన చాలా బాధపడ్డాను.

కింద ఆయిల్ దించే ప్లగ్ విప్పితే ఆయిల్ మొత్తం రాదు. చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అందుకని 500 కిలోమీటర్ల ఎడంతో మూడుసార్లు మార్చాం, మొదటిసారి ఫిల్టరు కూడా. నూటికి నూరుపాళ్లు కంపెనీ చెప్పిన రకమే పోశాం. మట్టం చూసేటప్పుడు ఇంజిను నడుస్తూ ఉండాలి, ఆయిల్ వేడి కంపెనీ చెప్పిన డిగ్రీల్లో ఉండాలి. ఆయన స్కానర్ చేతిలో పట్టుకునే మట్టం చూశాడు. మొత్తం రూ.22,000 అయింది. రెండో విడతకే వణుకు సగం తగ్గింది, మూడో విడతకు పోయింది. ఇదంతా 2024 జనవరి, 71,000 దగ్గర.

ఇంటికొచ్చి బండితో ఇచ్చిన పుస్తకం తీశాను. కొండదారి, అధిక ఉష్ణోగ్రత, బరువుతో ప్రయాణం ఉంటే గేరుబాక్సు ఆయిల్ మార్చాలని అందులోనే ఉంది. మార్చే పని లేదన్నవాళ్లు తమ కంపెనీ పుస్తకమే చదవలేదు.

ఇక ఘాట్‌లో గేర్ల కొట్లాట మిగిలింది. దానికి ఆ మెకానిక్ చెప్పిన పద్ధతి: ఆయిల్ బాగా వేడెక్కేదాకా నడిపి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, నిలిచి ఉన్న స్థితి నుంచి చాలా తేలికైన కాలితో ఒక్కో గేరూ పడేదాకా పోవాలి. తర్వాత యాక్సిలరేటర్ వదిలేసి, బ్రేకు నెమ్మదిగా వేస్తూ పూర్తిగా ఆగాలి. పది పన్నెండు సార్లు అలా చేశాక, కాస్త ఎక్కువ కాలితో మరికొన్నిసార్లు. మైదుకూరు రోడ్డులో మూడు రోజులు అదే పని. చివరికి నా మామూలు బరువుతో ఘాట్ ఎక్కాం. బండి మూడో గేరులో స్థిరంగా నిలబడి మలుపంతా లాగింది. అన్ని నెలల తర్వాత ఆ రోజే ఊపిరి పీల్చుకున్నాను.

జాబ్ కార్డుల నకళ్లన్నీ దాచుకున్నాను. అవి పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాకే కంపెనీ నుంచి ఫోను వచ్చింది. 2024 ఆగస్టులో మూడో అప్‌డేట్‌కు పిలిచారు. వెళ్లాను కానీ ముందే చెప్పాను: ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్ నంబరు, వేశాక వచ్చే నంబరు రెండూ జాబ్ కార్డు మీద రాయాలి, తర్వాత నేర్పే ప్రయాణం నాతో కలిసి చేయాలి. ఆ రోజు ఉన్న కుర్ర టెక్నీషియన్ మంచివాడు. నంబర్లు రాశాడు, నలభై నిమిషాలు నా పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో కొలతలు చూస్తూ నడిపించాడు. ఈ అప్‌డేట్ నిజంగా మేలు చేసింది. ఘాట్ దిగేటప్పుడు బండి ఇదివరకులా పై గేరుకు పోకుండా కింది గేరు పట్టి ఇంజినుతోనే ఆపుకుంటోంది. బ్రేకుల మీద భారం తగ్గింది. ఆయిల్ బాగుండి, పద్ధతిగా నేర్పితే అదే సాఫ్ట్‌వేర్ ఎంత తేడా చూపిస్తుందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, వణుకు మళ్లీ రాలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర రెండు నుంచి ఒకటికి పడేటప్పుడు చిన్న దెబ్బ ఇంకా వినిపిస్తుంది. వేడెక్కాక ఉండదు. ఘాట్‌లో లారీల వెనక పడితే నేనే చేత్తో రెండో గేరులో పెట్టి ఉంచుతాను. గేర్లు మాటిమాటికీ మారకుండా ఉంటే ఆయిల్ వేడి పది డిగ్రీల వరకు తక్కువ చూపిస్తోంది.

ఈ బండి మళ్లీ కొంటారా అని అడిగితే కొంటాను. కానీ మీ ఊరికి దగ్గరలో సర్వీసు సెంటరు ఉందో లేదో చూసుకోండి. 40,000 దాటిన పాత ఆటోమేటిక్ పికప్ కొంటుంటే, బేరం కుదరకముందే ప్లగ్ విప్పించి ఆయిల్ రంగు, వాసన చూడండి. అప్‌డేట్ వేస్తామంటే ఆయిల్ సంగతి తేలాకే ఒప్పుకోండి.

మొన్న తిరుపతి నుంచి మళ్లీ ఫోను చేశారు, ఇంకో కొత్త అప్‌డేట్ ఉందట. 1,11,000 దగ్గర ఆయిల్ మార్చాల్సి ఉంది, ఇంకా 2,600 కిలోమీటర్లు. అది అయ్యాకే వస్తానని చెప్పాను.