టిప్పర్ కమాన్‌పట్టీ చాకు: దసరా యాట మీద చూసినంక

దసరాకు మా ఇంట్ల యాటను నేనే కోస్త. పాత చాకు మొన మీదికి లేచి ఉండె. పొట్ట చీల్చేటప్పుడు అది పేగుకు తగిలిందా, మాంసమంత కంపే. అందుకే బాబ్ లవ్‌లెస్ పద్ధతి చాకు మీద మనసు పడ్డది. వెన్ను మెల్లగ వంగి మొన కిందికి దిగే 'డ్రాప్ పాయింట్'కు పేరు తెచ్చింది ఈ అమెరికా ఆయనే. 2010ల చనిపోయిండు. ఆయన చేతి కత్తి కొనుడు మనతోని అయ్యే పని కాదు.

అట్ట మీద గీసి, కత్తిరించి, దేవరకొండ రోడ్డు మీది కొలిమికి పట్టుకపోయిన. కమ్మరాయన అటు తిప్పి ఇటు తిప్పి, "మొన కిందికున్నదేంది సారూ, తప్పు గీసినవా?" అన్నడు. పేగుల సంగతి చెప్పంగనే, "మల్ల గది ముందుగాల్నే చెప్పొద్దా!" అని టిప్పర్ కమాన్‌పట్టీ (బండి కింద ఉండే స్ప్రింగు పట్టీ) ముక్క తీసిండు. నాకు మస్తు సంబురమైంది. 1953ల లవ్‌లెస్ ఓడ మీద పనిచేసేటప్పుడు అమెరికాల పేరున్న రాండల్ కంపెనీ కత్తి కొనబోతే తొమ్మిది నెలలు ఆగమన్నరట. ఆగలేక పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగుతోని తనే చేసుకున్నడు. ఆయన మొదటి కత్తి అదే.

మా మొదటి చాకు మాత్రం పోయింది. గొడ్డలికి పెట్టినట్టే ఎర్రగ కాల్చి నీళ్ల తొట్టిల ముంచిండు. 'టింగ్'మన్నది. అంచున వెంట్రుకంత పగులు. కమాన్‌పట్టీ ఉక్కును నూనెల ముంచాలె, ఆ ముక్క నేను చెప్పకపోతి. రెండోసారి అయస్కాంతం పట్టుకపోయిన. ఉక్కు దానికి అంటుకునుడు బందయినంక ఇంకొంచెం కాల్చి, పల్లినూనెల ముంచినం. తర్వాత ఇంట్ల ఓవెన్ల 200 డిగ్రీల మీద రెండుసార్లు, గంటన్నర చొప్పున పెట్టిన. ఇల్లంత మాడు వాసన. మా ఇంటామె రెండు రోజులు మాట్లాడలే.

పిడి లోపలి ఉక్కు వెనుకకు పోను పోను సన్నబడాలె, లవ్‌లెస్ పనితనమంత ఆడనే ఉంటది. మనాయనకు అంత ఓపిక లేదు. ఆకురాయి ఒకదిక్కు ఎక్కువ పడ్డది, ఇప్పటికీ వేలికి తెలుస్తది. పిడికి జిట్రేగి చెక్క. లవ్‌లెస్ లెక్క చెక్కకు ఉక్కుకు నడుమ ఎర్ర పొర కావాల్నని పిల్లల ప్లాస్టిక్ ఫైలు కోసి పెట్టిన. పేరేమన్న గుద్దాల్నా అని అడిగిండు. లవ్‌లెస్ పేరు వద్దన్న, కమ్మరాయన ఇంటిపేరు మొదటి అక్షరమే గుద్దించిన.

పండుగనాడు పొట్ట ఒక్క గీతల తెరుచుకున్నది, పేగుకు మొన తగల్లే. తోలు ఒలుచుడు అల్కగ అయింది. సగం యాట కాంగనే మల్ల సాన పట్టాల్సొచ్చింది, అది నిజం. తుప్పు ఇంకో బాధ. రాత్రి తడిగ వదిలేస్తే తెల్లారి మచ్చలు. లవ్‌లెస్ వాడిన 154సీఎం ఉక్కు లెక్క ఇది ఓర్వదు, తుడిచి నూనె రాయాల్సిందే.

చెక్క నాది. పనికి 900 తీసుకున్నడు, పగిలినదానికి పైస అడగలే. పోయేటోళ్లు పొద్దుగాల్నే పోండ్రి, పదకొండు దాటితే కొడవండ్లోళ్ల గుంపు ఉంటది. నూనె మాత్రం మీరే కొనుకపోండ్రి.