మా గెస్ట్‌హౌస్ బాత్రూమ్‌లు: ఆరేళ్లు వాడాక

మా గెస్ట్‌హౌస్‌లో ఎనిమిది గదులు. ఒక్కో బాత్రూమ్‌ను ఒక్కో తీరులో, చేతిపనివాళ్లతో ప్రత్యేకంగా చేయించాను. తెరిచిన కొత్తలో రాసి ఉంటే ఇది వట్టి పొగడ్తలే అయ్యేది. ఇప్పుడు ఆరేళ్లు దాటింది. అతిథులు తీసే ఫొటోల్లో సగం బాత్రూమ్‌లవే, వచ్చే ఫిర్యాదుల్లో సగం కూడా అక్కడివే.

అన్నిటికన్నా నచ్చినవి రాగి బేసిన్లు. సుత్తి దెబ్బల గుర్తులు అలాగే ఉంచి కొట్టినవి, మూడు గదుల్లో పెట్టాం. గాలీ నీరూ తగిలి రాగి రంగు మారుతూ పోతుంది. ముందు గోధుమ రంగు, తర్వాత ముదురు, అంచుల్లో అక్కడక్కడా పచ్చటి చిలుము. అదే దాని అందం అని చేసినాయన ముందే చెప్పాడు. ఆ మాట శుభ్రం చేసేవాళ్లకు కూడా చెప్పాలని నాకు తోచలేదు. కొత్తగా చేరిన అమ్మాయి మురికి అనుకుని, పాపం పులుపు పెట్టి తోమి కొత్త బిందెలా తళతళలాడించింది. ‘చూడండి సార్, ఎలా వచ్చిందో!’ అని పిలిచి మరీ చూపించింది. ఏమనగలను? ఆ రంగు తిరిగి రావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు వాటికి సబ్బు నీళ్లు, మెత్తటి పొడిబట్ట, అంతే.

పాలరాయి దగ్గర మాత్రం దెబ్బతిన్నాను. బేసిన్ గట్లకు తెల్ల పాలరాయి వేయించి, సీలర్ కొట్టించాం కదా అని ధీమాగా ఉన్నాను. పాలరాయి సున్నపురాయి జాతిదే, ఆమ్లం తగిలితే పైపొర కరుగుతుంది. సీలర్ మరకను లోపలికి ఇంకనివ్వదు గానీ ఆమ్లం కొరకడాన్ని ఆపలేదు. టాయిలెట్ క్లీనర్ సీసా ఒక్క పూట గట్టు మీద పెట్టారు, అడుగున గుండ్రంగా మచ్చ పడింది. రెండు గదుల్లో తీసేసి గ్రానైట్ వేయించాను. మిగతా గదుల్లో ఆ సీసాను గట్టెక్కనివ్వం.

షవర్ గోడల మీద గాజు ముక్కలతో చేపల గుంపులు చేయించాం. గాజుకు ఏమీ కాలేదు. ముక్కలు చిన్నవైన కొద్దీ వాటి మధ్య గీతలు ఎక్కువ, ఆ గీతల్లో ఏం నింపామన్నదే అసలు సంగతి. సిమెంట్ గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది, రెండేళ్లకే నల్లబడింది. ఒక్క గదిలో మేస్త్రీ గొణుగుతూనే ఎపాక్సీ గ్రౌట్ పెట్టాడు. అది త్వరగా గట్టిపడిపోతుంది, వెంటవెంటనే తుడవకపోతే గాజు మీద పొర కడుతుంది, అదీ ఆయన చిరాకు. ఆ గోడ ఇవాళ్టికీ కొత్తగానే ఉంది.

నేల సంగతి చెప్పుకోవాలంటే సిగ్గు. ఓ గదిలో ముగ్గులాంటి డిజైన్ చెడుతుందని వాటం సరిగా ఇవ్వలేదు. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరైనా వాలు ఉండాలి. అది లేక నీళ్లు తలుపు దాకా వచ్చేవి. చివరికి తవ్వించాం. కావాలని చేయించుకున్న టైల్స్ కదా, పగిలినవాటికి జోడీ ఎక్కడా దొరకలేదు. గదికి ఓ పది టైల్స్ అదనంగా చేయించుకుని దాచుకోవాలని అప్పుడు తెలిసింది.

గోడ లోపలి పైపు జాయింట్ కారినప్పుడూ అదే గోల. చేపల్ని పగలగొట్టడానికి మనసొప్పలేదు. గోడకు అటువైపున్న బట్టల అలమర వెనక చెక్క కోసి ప్లంబర్‌ను లోపలికి పంపాం. ఇప్పుడు ఆ అలమరలో చిన్న తలుపు ఉంది.

ఇంకో పొరపాటు, గట్టు మీద గిన్నెలా కూర్చునే బేసిన్. మామూలు ఎత్తు గట్టు మీద పెడితే అంచు దాదాపు మీటరు ఎత్తుకు పోయింది. చేతులు కడుక్కుంటే నీళ్లు మోచేతుల దాకా కారతాయి, పిల్లలకైతే అసలు అందదు. గట్టు దించాం.

ఇంత ఖర్చు పెట్టి, తడి తువ్వాలు తగిలించడానికి సరైన కొక్కేలు పెట్టడం మరిచిపోయాం. అద్దం పక్కన అలంకారంగా ఇత్తడి కొమ్మ ఒకటి ఉంటుంది, ఆకులూ మొగ్గలతో. మొదటి రోజు నుంచీ అందరూ తువ్వాళ్లు దానికే వేశారు. డిజైనర్ చూసి మొహం మాడ్చుకున్నాడు. పోయినేడు అది ఊగడం మొదలైతే పొడుగు బోల్టులతో బిగించాం. ఈసారి కట్టే రెండు గదులకు అదే కొమ్మ చేయమని చెప్పాను, రెమ్మలు మాత్రం కాస్త లావుగా, చివర్లు పైకి వంచి.