ఇంటికి ఐదు కిలోవాట్లు: ఎగ్ ద్వీపంలో మూడు రోజులు

విద్యుత్ శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నన్ను, గ్లాస్గోలో ఉంటున్న మా అమ్మాయి "నాన్నా, స్కాట్లండులో ముందుగా ఏం చూస్తారు?" అని అడిగినప్పుడు, కోటల పేరు ఎత్తకుండా ఎగ్ ద్వీపం చూపించమన్నాను. పడమటి తీరానికి ఆవల సుమారు 30 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో, వంద మందికి కాస్త పైగా జనాభాతో ఉన్న ఈ ద్వీపానికి ప్రధాన భూభాగం నుంచి విద్యుత్ లైను లేదు. 2008 ఫిబ్రవరి నుంచి తమకు కావలసిన కరెంటును నీరు, గాలి, ఎండల నుంచి వారే ఉత్పత్తి చేసుకుంటున్నారు. మే చివరి వారంలో మా ఆవిడా నేనూ బయలుదేరాం.

గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి తీరంలోని మలేగ్ రేవు వరకు రైలు ప్రయాణం ఐదు గంటలు దాటుతుంది. వెళ్లేటప్పుడు ఎడమవైపు సీట్లు దొరికితే గ్లెన్‌ఫినన్ వంతెన మలుపు, సరస్సులు చక్కగా కనిపిస్తాయి. మలేగ్ నుంచి లాక్‌నెవిస్ అనే ఫెర్రీలో గంటకు పైగా ప్రయాణం. సందర్శకుల కార్లను ద్వీపానికి తీసుకువెళ్లనివ్వరు. ఫెర్రీ వేళలు రోజుకొక రకంగా ఉంటాయి కాబట్టి, ముందుగా ఆ పట్టిక చూసుకుని ఆ తరువాతే బసకు డబ్బు కట్టాలి. వేసవిలో అరిసేగ్ నుంచి కూడా చిన్న పడవ నడుస్తుంది.

ఎగ్ రేవు పక్కనే కేఫ్, దుకాణం ఉన్నాయి. సూప్, రొట్టె బాగున్నాయి. దుకాణంలో దొరికేది ఫెర్రీ తెచ్చిన సరుకే కాబట్టి, మన భోజనం కావాలనుకునేవారు బియ్యం, పప్పు, పొడులు వెంట తెచ్చుకోవడం మంచిది. మా బస ఉత్తరాన క్లీడేల్‌లో, రేవుకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉన్న ఒక్క రోడ్డు మీద నడక హాయిగానే ఉంటుంది గాని, సామానుతో వచ్చేవారు స్థానిక టాక్సీని ముందే మాట్లాడుకోవాలి.

మేము దిగిన ఇంట్లో వంటగది గోడకు చేతి వెడల్పు కూడా లేని చిన్న తెర ఒకటి ఉంది. ఆ క్షణంలో ఇల్లు ఎంత కరెంటు వాడుతున్నదో అందులో అంకె కనిపిస్తుంది. మేము వెళ్లేసరికి 0.4 కిలోవాట్లు. ఇంటావిడ టీ కోసం కెటిల్ మీట నొక్కగానే అది 3.3కు ఎగబాకింది. మా ఆవిడ రైస్ కుక్కర్ ప్లగ్గు చేతిలో పట్టుకుని నిలబడితే, "అది ఎన్ని వాట్లమ్మా?" అని ఇంటావిడ ఎంతో మర్యాదగా అడిగారు. ఏడు వందలని చెప్పగానే పెట్టుకోమన్నారు. వాషింగ్ మెషీన్‌ను మాత్రం కెటిల్ దించాకే వేశారు.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. ఇక్కడ ఏ ఇల్లయినా ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు. వ్యాపార స్థలాలకు పరిమితి 10. మించితే ఇంటి సరఫరా ట్రిప్ అయిపోతుంది. నిర్వహణ బృందంలోని వారెవరో వచ్చి తిరిగి కలపాలి, ఇంటివారు అందుకు రుసుము చెల్లించాలి. నా ఉద్యోగంలో నెల మొత్తం వాడకం కంటే సాయంత్రం పీక్ లోడే మమ్మల్ని నిద్రపోనిచ్చేది కాదు. అందరూ ఒకేసారి స్విచ్ వేసే ఆ గంట కోసమే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, పెద్ద యంత్రాలు పెట్టవలసి వస్తుంది. ఎగ్ వాసులు ఆ గంటను సమానంగా పంచుకుని, ధనిక, పేద తేడా లేకుండా ఇళ్లన్నిటికీ ఒకే హద్దు పెట్టుకున్నారు. నాకు గాలిమరల కంటే ఈ ఒప్పందమే గొప్పదిగా తోచింది.

రెండో రోజు స్గుర్ కొండ వైపు నడిచాం. 393 మీటర్ల ఎత్తున నల్లటి రాతిగోడలా నిలిచిన ఆ కొండ కింద నాలుగు చిన్న గాలిమరలున్నాయి. ఒక్కొక్కటి 6 కిలోవాట్లది. అసలు బరువు మోసేది లేగ్ దగ్గరి 100 కిలోవాట్ల జల విద్యుత్ యంత్రం. దానికి తోడు మరో రెండు చిన్న జల యంత్రాలు, దాదాపు 50 కిలోవాట్ల సౌర ఫలకాలు ఉన్నాయి. ఈ కూర్పు తెలివైనది. చలికాలంలో వానలు, గాలులు దండిగా ఉంటాయి, ఎండ ఉండదు. మే, జూన్ నెలల్లో వాగులు సన్నబడినా రాత్రి పది వరకు వెలుతురు ఉంటుంది. ఉత్పత్తి అయిన కరెంటు 11 కిలోమీటర్ల భూగర్భ కేబుల్ ద్వారా ఇళ్లకు వెళుతుంది, అప్పటికి అక్కరలేనిది బ్యాటరీల వరుసలో నిల్వ ఉంటుంది. బ్యాటరీలు నిండిపోతే మిగులు కరెంటు చర్చిలోనూ, సామూహిక భవనాల్లోనూ హీటర్లకు మళ్లుతుంది. మేము చర్చి తలుపు తీసినప్పుడు లోపల మనిషి లేడు గాని, వెచ్చగా ఉంది.

"పూర్తిగా పునరుత్పాదక శక్తి" అనే మాట విని వచ్చేవారికి ఒక విషయం చెప్పాలి. ఏడాది మొత్తం మీద సుమారు 90 శాతానికి పైగా కరెంటు ప్రకృతి నుంచి వస్తుంది. వానలు లేని వారాల్లో రెండు డీజిల్ జనరేటర్లు ఆదుకుంటాయి, ప్రజలు వాడకం తగ్గించుకుంటారు. చలి కాచుకోవడానికి కట్టెల పొయ్యి, వంటకు గ్యాస్ సిలిండర్ ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. ఇది నాకు లోపంగా అనిపించలేదు. 2008కి ముందు ఇంటింటా సొంత డీజిల్ జనరేటర్ మోగేదనీ, రాత్రి దాన్ని ఆపేస్తే తెల్లవారే దాకా చీకటేననీ ఇంటావిడ చెప్పారు.

ఇదంతా ఎవరో వచ్చి ఇచ్చింది కాదు. తరాలుగా భూస్వాముల చేతులు మారిన ఈ ద్వీపాన్ని 1997 జూన్ 12న నివాసులు, తమ ట్రస్టు ద్వారా, విరాళాలు కూడగట్టి కొనుక్కున్నారు. భూమి తమది కాకపోతే వాగుకు అడ్డంగా గోడ కట్టే హక్కు ఎవరికి ఉండేది? దాదాపు 16.6 లక్షల పౌండ్ల ఈ పథకానికి యూరప్ నిధులు, జాతీయ లాటరీ ఆదాయం నుంచి ఇచ్చే నిధులు తోడైనా, నడిపేది, మరమ్మతు చేసేది శిక్షణ పొందిన ద్వీపవాసులే. నా వృత్తి తెలిసి వారిలో ఒకరు బ్యాటరీల షెడ్డు బయట అరగంట నిలబడి మాట్లాడారు. లోడ్ పెరిగితే ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు కరెంటు ఆవృత్తుల సంఖ్య, ఎలా కదులుతుందో అతను చెబుతుంటే, ఒక పాత సహోద్యోగితో మాట్లాడినట్టే ఉంది.

మూడో రోజు గాలి ఉధృతంగా వీచి ఫెర్రీ రద్దయింది. క్లీడేల్ ఇంటివారు మరో రాత్రికి అదే గది ఇచ్చి, తగ్గించిన అద్దె తీసుకున్నారు. మలేగ్‌లో ఆ రాత్రికి నేను ముందే సొమ్ము కట్టిన బస మాత్రం, పడవ రానందుకు తాము బాధ్యులం కామంటూ ఒక్క పౌండు కూడా తిరిగి ఇవ్వలేదు. అందువల్ల తిరుగు ప్రయాణపు బసను రద్దు చేసుకునే వీలున్నచోటే తీసుకోండి, ఫెర్రీలో తిరిగివచ్చే రోజుకూ రైలు టిక్కెట్టుకూ నడుమ ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. ఆ అదనపు రాత్రి గాలి కిటికీలను ఊపుతుండగా గోడ మీది తెరలో 0.3 కనిపించింది, ఇంటావిడ రెండు రోజులుగా ఆపిన బట్టలను ఆ పూట మెషీన్‌లో వేశారు.